బొంత కప్పిన కంప్యూటర్

మధ్యాహ్నం రెండున్నరకి మా బండి ఆ ఊరి హైస్కూలు ముందు ఆగింది. వాన తెరిపిచ్చింది. గాలి తగ్గలేదు. స్కూలు దాటాక రోడ్డు ఉండాలి. లేదు. గోధుమరంగు నీళ్లు, వాటి మీద కరెంటు స్తంభాల పై సగాలు, ఇంకా దూరంగా పత్తి చేలు. ఏరడానికి విచ్చుకున్న పత్తి తడిసి, ముద్దలు కట్టి, కొమ్మలకి వేలాడుతోంది. మిరప తోటలు అసలు కనపడలేదు. అవి నీళ్ల కింద ఉన్నాయని తెలిసినవాణ్ని బండిలో నేనొక్కణ్నే.

తుఫాను దాటి అప్పటికి ఒక రోజు. వాగు గట్టు తెగింది. వాగుకి అవతల మూడు పల్లెలు మునిగాయి. మేము పద్దెనిమిది మందిమి. రెండు రబ్బరు పడవలు, వాటికి ఇంజన్లు, తాళ్లు, లైఫ్ జాకెట్లు, ఒక రేడియో సెట్టు, చిన్న జనరేటరు, మందుల పెట్టె, వారానికి సరిపడా రేషను. సుబేదార్ సాబ్ స్కూలు వరండాలో నిలబెట్టి ఆర్డరు చదివారు. అవతలి పల్లెల జనాన్ని స్కూలుకి చేర్చాలి. రోగుల్ని పెద్ద రోడ్డు దాకా చేర్చి అంబులెన్సు ఎక్కించాలి. పెట్రోలు ముందు పడవలకి, మిగిలితేనే జనరేటరుకి.

నేను వంటవాణ్ని. ఎనిమిదో తరగతి దాకా చదివాను, ఆ చదువుకి పట్టాళంలో గరిటే ఇచ్చారు. మా వాళ్లు నన్ను లంగర్ కమాండర్ అని ఎగతాళి చేసేవారు. లంగర్ అంటే మా వంటిల్లు. మంచు కొండల్లో వండాను, ఇసుకలో వండాను. ఇంట్లో పిల్లలు ఎప్పుడు కూర్చోబెట్టినా ఆ కొండల సంగతే చెప్పమంటారు. ఆ కొండలు నాకు కలలోకి కూడా రావు. నన్ను వదలనిది ఈ డ్యూటీ. వినుకొండ దగ్గర మా ఊరినుంచి బస్సెక్కితే రెండు గంటల్లో చేరే చోటు. ఊరి పేరు చెప్పను. అక్కడివాళ్లు అక్కడే ఉన్నారు.

ఆ పద్దెనిమిది మందిలో తెలుగొచ్చినవాణ్ని నేనే. అందుకని సాబ్ మొదటి గంటలోనే అన్నారు: "మస్తాన్, గరిటె ఒక చేత్తో పట్టుకో. రెండో చెయ్యి నాతో ఉండాలి. వాళ్లేమంటున్నారో నాకు చెప్పు, నేనేమంటున్నానో వాళ్లకి చెప్పు."

ఆ రాత్రి మేము వచ్చిన రోడ్డు కూడా మునిగింది. బండిని ముందే పెద్ద రోడ్డుకి పంపేశాం. పొద్దున లేచేసరికి స్కూలు ఒక దిబ్బ. చుట్టూ నీళ్లు.

స్కూలు తాళాలు ఫాతిమా టీచర్ దగ్గర ఉండేవి. ముప్పై దాటని మనిషి. కాంట్రాక్టు మీద కంప్యూటర్ పాఠం చెబుతుంది, ఆ ఊళ్లోనే అద్దెకి ఉంటుంది. హెడ్మాస్టరు ఒంగోలులో చిక్కుకుపోయాడు. ఏ గదిలో ఎవరు పడుకోవాలో, పసిపిల్లల తల్లులకి ఏ మూల ఇవ్వాలో అన్నీ ఆమే చూసింది. నా పేరు వినగానే ఏ ఊరని అడిగింది. చెప్పాను. ఇంటిపేరు అడిగింది. చెప్పాను. మా నాన్న దూది ఏకేవాడని చెబితే వాళ్ల నాన్నా అంతేనంది. అప్పటినుంచి నేను ఆమెకి అన్నని.

మా బియ్యం, పిండి బస్తాలు ఆమె కంప్యూటర్ గదిలో పెట్టించింది. స్కూలు మొత్తంలో కారని గది అదొక్కటే. గదిలో బల్లలు ఆరు ఉన్నాయి గానీ పనిచేసే కంప్యూటరు ఒకటే. పాతది. దాని సీపీయూ పెట్టె బల్ల కింద నేల మీద, రెండు ఇటుకల మీద ఉండేది. దానికి ఒక బొంత కప్పి ఉంది. నాలుగు వైపులా పెట్టె కొలతకి కుట్టి, టోపీలా పైనుంచి తొడిగే బొంత. నేను వేలితో నొక్కి చూశాను. చేత్తో ఏకిన దూది. ఈ రోజుల్లో దొరకదు.

"అమ్మ కుట్టింది," అంది టీచర్. "గవర్నమెంటు కవరు ఇచ్చింది గానీ ప్లాస్టిక్‌ది. అమ్మకి నచ్చలేదు."

నాకు నవ్వొచ్చింది. మా ఇళ్లలో విలువైన వస్తువు ఏది వచ్చినా దానికి బొంత కుట్టాల్సిందే. మా అమ్మ రేడియోకి కుట్టింది, కుట్టుమిషనుకి కుట్టింది, టీవీ కొన్న రోజున టీవీకి కుట్టింది. దుమ్ము పడకూడదు, చెమ్మ తగలకూడదు. పసిబిడ్డని చూసుకున్నట్టు చూసుకోవడమే. వేరేవాళ్ల ఇళ్లలో ఇది చూడలేదు.

ఆ గదిలోనే ఇన్వర్టరు ఉంది. ఒకటే బ్యాటరీ. సాయంత్రం జనరేటరు రెండు గంటలు నడిపితే బ్యాటరీ నిండేది. దాంతో రాత్రంతా రెండు లైట్లు, కోటమ్మ మిషను.

కోటమ్మ గురించి చెప్పాలి. మొదటి రోజు రెండో పడవలో వచ్చింది, కోడలు వీపు మీద మోసుకొచ్చింది. కొడుకు ఎప్పుడో పోయాడు. అత్తా కోడళ్లే ఉంటారు. ముప్పై ఏళ్లకి పైగా మిరపకాయలకి తొడిమలు తీసే కూలికి వెళ్లింది. ఆ ఘాటు ఊపిరితిత్తుల్లోకి దిగిపోయింది. ఆయాసం. మా నర్సింగ్ అసిస్టెంటు పంజాబీ అబ్బాయి, మేము డాక్టర్ అని పిలిచేవాళ్లం. అతని దగ్గర మందుని ఆవిరి చేసి ముక్కుకి పట్టే చిన్న మిషను ఉంది. నాలుగేసి గంటలకి ఒకసారి అది పెడితే కోటమ్మ మనిషయ్యేది. మనిషయితే మాత్రం నోరు ఊరుకునేది కాదు.

మొదటి రోజు నా కిచిడీ తిని నన్ను పిలిపించింది. "ఒరేయ్ అబ్బాయ్, నువ్వేనా వంటోడివి? ఏ జిల్లా?"

చెప్పాను.

"గుంటూరు గడ్డ మీద పుట్టి ఈ కూడేందిరా? పట్టాళంవాళ్లు నీకు జుట్టు కత్తిరించారా, నాలుక కత్తిరించారా?"

పక్కనున్నవాళ్లంతా నవ్వారు. పద్దెనిమిది మందిలో పదిహేడు మంది కారం తినరు పెద్దమ్మా అని సముదాయించబోయాను. వాళ్లకి వేరే వండుకోమని చెప్పు, మునిగింది మేము కదా, మాకు కావాల్సినట్టు వండు అంది. మర్నాడు ఎండుమిరపకాయలు సంపాదించి పచ్చడి నూరాను. ఆయాసం మనిషికి పెట్టొద్దని డాక్టర్ అరిచాడు. ఆమె వేలితో అద్దుకుని నాలిక్కి రాసుకుని, అతన్ని చూసి కన్ను కొట్టింది.

ఆమె మిషను తీగ కంప్యూటర్ గదిలోని బోర్డు నుంచే వెళ్లేది. ఇన్వర్టరు కనెక్షను ఉన్నది ఆ బోర్డుకే. ఒక పొడుగు తీగ, చివర నాలుగు బొక్కల పెట్టె. కంప్యూటరుకీ, మిషనుకీ ఆ బోర్డులో స్విచ్ ఒకటే. ఒకసారి ఎవరో పిల్లవాడు ఆ స్విచ్ నొక్కేస్తే మిషను మధ్యలో ఆగింది. అది చూసి సాబ్ బోర్డు మీద అడ్డంగా టేపు వేయించారు. ఎవరూ ముట్టుకోకూడదు, ఇది ఆర్డరు అన్నారు. తెలుగులో అందరికీ నేనే చెప్పాను. టీచర్ సరేనంది.

మూడో రోజు పడవ తిరగబడబోయి మా లాప్‌టాప్ తడిసింది. మండలం ఆఫీసువాళ్లు పైనుంచి తీసిన నీళ్ల ఫోటోలు పెన్‌డ్రైవులో పంపేవారు. అవి చూస్తేగానీ మర్నాడు పడవ ఏ దారిన వెళ్లాలో తెలీదు. మా రేడియో ఆపరేటర్ ఒడిశావాడు, కళ్లజోడు, తక్కువ మాట్లాడేవాడు. స్కూలు కంప్యూటర్ వాడుకోవచ్చా అని నన్ను అడగమన్నాడు. టీచర్ సంతోషంగా బొంత తీసింది. ఆన్ చేయగానే అది తేదీ తప్పు చూపించింది, ఎప్పటిదో పాత సంవత్సరం.

"రోజూ అంతే అన్నా," అంది. "పొద్దున్నే తేదీ నేనే చెప్పాలి దానికి. వయసైపోయింది కదా."

ఆపరేటర్ ఆ సాయంత్రం ఫోటోలు చూశాడు, సాబ్ కాగితం మీద దారి గీసుకున్నారు. పనయ్యాక ఆపరేటర్ షట్ డౌన్ నొక్కాడు. తెర నల్లబడింది. తెర మీట కూడా ఆపేశాడు. టీచర్ పెట్టెకి బొంత తొడిగింది, మూలలు సర్దింది. నేను అక్కడే గోధుమపిండి కొలుచుకుంటున్నాను. బయట జనరేటరు మోత. ఆ మోతలో ఇంకేమీ వినపడదు.

తెల్లారడానికి ముందు ఇన్వర్టరు పీక్ పీక్ మని అరిచి ఆగిపోయింది. లైట్లు పోయాయి. కోటమ్మకి మిషను పెట్టే వేళ అదే. డాక్టర్ చేత్తో కొట్టే మందు నోట్లో కొట్టాడు. లోపలికి లాగే బలం ఆమెకి లేదు. ఇంజక్షను ఇచ్చాడు. జనరేటరు రాత్రి వానకి తడిసింది. ఇద్దరం తాడు లాగాం, లాగాం. అది దగ్గింది గానీ అందుకోలేదు. అది అందుకునేసరికి తూర్పు తెల్లబడింది. మిషను మళ్లీ నడిచింది. కానీ అప్పటికి ఆమె పెదాలు నీలంగా ఉన్నాయి. ఆక్సిజన్ కావాలి, ఇక్కడ లేదు అన్నాడు డాక్టర్.

పడవ దించాం. నడిపేవాడు, డాక్టర్, కోడలు, కోటమ్మ, మాట కోసం నేను. పెద్ద రోడ్డు దగ్గర అంబులెన్సు సిద్ధంగా ఉండాలని ఆపరేటర్ రేడియోలో చెబుతున్నది పడవ కదిలేదాకా వినిపించింది. "పేషెంటు ఒకరు. ఆయాసం. వస్తున్నారు. ఆక్సిజన్ ఉంచండి." అటునుంచి, "అర్థమైంది. ఉంది."

మునిగిన పత్తి చేల మీదుగా వెళ్లాం. ఇంజను పంకాకి పత్తి చెట్లు చుట్టుకుని రెండుసార్లు ఆగింది. కోడలు అత్త తలని ఒళ్లో పెట్టుకుంది. ఎంత దూరం అని నన్ను ఒక్కసారే అడిగింది. అదిగో, ఆ తాడిచెట్లు కనపడుతున్నాయే, అవి దాటితే రోడ్డు అన్నాను. కోటమ్మ కళ్లు తెరిచి నన్ను చూసింది. ఏదో అనబోయింది. మాట రాలేదు. తాడిచెట్ల దగ్గరికి వచ్చేసరికి డాక్టర్ ఆమె మణికట్టు మీంచి తన చెయ్యి తీసేశాడు.

కోడలు ఏడవలేదు. అత్త కొంగు సర్ది, ముఖం మీద వాన పడకుండా తన అరచెయ్యి అడ్డం పెట్టింది. రోడ్డు మీద అంబులెన్సు తలుపు తెరిచే ఉంది.

తిరిగొచ్చేటప్పుడు డాక్టర్ నాతో అన్నాడు, ఆ ఊపిరితిత్తుల్లో ఇంకేం మిగల్లేదు భాయ్, ఇవాళ కాకపోతే నెల తర్వాత అని. అన్నాక మళ్లీ తనే అన్నాడు: "నెల నెలే కదా."

స్కూలుకి వచ్చాను. మూడు వందల మంది ఆకలితో ఉన్నారు. పిండి తీసుకుందామని కంప్యూటర్ గదిలోకి వెళ్లాను. బస్తా పక్కన నేల మీద కూలబడ్డాను. చెయ్యి ఆనుకోవడానికి పక్కకి చాపితే బొంత మీద పడింది. బొంత వేడిగా ఉంది. చలికాలం పొద్దున, చెమ్మ పట్టిన గదిలో, ఎండ తగలని మూల, పొయ్యి మీంచి దించిన కుండలా వేడిగా ఉంది.

బొంత ఎత్తాను. పెట్టెకి పచ్చ దీపం వెలుగుతోంది. లోపల ఫ్యాను తిరుగుతోంది. ఏకిన దూది చప్పుడుని మింగేస్తుంది. మా నాన్న దుకాణంలో దూది గుట్ట వెనక కూర్చుంటే వీధిలో లారీ పోయినా వినపడేది కాదు. అలాంటి దూది.

ఆపరేటర్‌ని పిలిచాను. వచ్చి చూశాడు. హిందీలో, "నేను ఆపాను. నువ్వు చూశావు కదా. తెర నల్లబడింది కదా," అన్నాడు.

చూశాను అన్నాను.

అతను మోకాళ్ల మీద కూర్చుని మళ్లీ ఆపి చూశాడు. లోపలి పనంతా ముగిసింది, తెర నల్లబడింది. ఫ్యాను ఆగలేదు, దీపం ఆగలేదు. పొద్దున జనరేటరు కరెంటు రాగానే అదంతట అదే మళ్లీ లేచి ఉంటుంది అన్నాడు. మొదటి రెండు రాత్రులు బ్యాటరీ తెల్లారేదాకా ఆగింది. మూడో రాత్రే ఆగలేదు. మూడో రాత్రి కొత్తగా ఏముందో నాకు విడమర్చి చెప్పక్కర్లేకపోయింది.

సాబ్‌ని తీసుకొచ్చాం. ఆయన పెట్టెని చూశారు, గోడ మీది బోర్డుని చూశారు, బోర్డు మీది టేపుని చూశారు. ఆ అమ్మాయి మామూలు రోజుల్లో దీన్ని ఎలా ఆపుతుంది అని నన్ను అడిగారు. సాయంత్రం ఇంటికెళ్లేటప్పుడు గోడ స్విచ్ కట్టేస్తుంది సాబ్ అన్నాను. పాఠంలో పిల్లలకి కూడా అదే నేర్పానని ఆమె అంతకు ముందురోజు నాతో చెప్పింది. గోడ స్విచ్ ఆపేస్తే పెట్టె ఎలాగూ చల్లబడుతుంది. ఈ జబ్బు దానికి ఎన్నాళ్లుగా ఉందో ఎవరికీ తెలిసే వీలే లేదు.

సాబ్ తలుపు దగ్గరగా వేశారు. "తీగ పీకెయ్. రేడియోలో ఇన్వర్టరు ఫెయిలైందని చెప్పు. అది అబద్ధం కాదు. మిగతాది ఈ గది దాటకూడదు. మనం నాలుగు రోజుల్లో పోతాం. ఆ అమ్మాయి ఈ ఊళ్లో బతకాలి."

తీగ నేనే పీకాను. ఫ్యాను తిరిగి తిరిగి నెమ్మదిగా ఆగింది.

నీళ్లు తగ్గడం మొదలైంది. నల్లరేగడి బయటపడింది. అందులో బూటు పెడితే కాలొక్కటే పైకొచ్చేది. జనం ఒక్కొక్కరే ఇళ్లు చూసుకోవడానికి వెళ్తున్నారు. కోటమ్మని ఊరికి తెచ్చి దహనం చేశారు. తడి కట్టెలతో ఆలస్యమైందట. నేను వెళ్లలేదు, వంట ఉంది. ఫాతిమా టీచర్ వెళ్లి చివరిదాకా కోడలి పక్కనే నిలబడిందని విన్నాను. ఆ ఊరి మిరప యార్డు కూలీలంతా వచ్చారట.

ఆపరేటర్ మాత్రం ఆ పెట్టెని వదల్లేదు. సాబ్‌ని అడిగాడు, బాగుచేసి వెళ్తానని. ఎందుకు, తీగ కోసి పారేస్తే పోలేదా అన్నారు సాబ్. కోస్తే ఆమె ఎందుకని అడుగుతుంది సాబ్, కొయ్యకపోతే ఇంకో తుఫాను వస్తుంది అన్నాడు. ఆయన చెయ్యి ఊపి వెళ్లిపోయారు. అది ఒప్పుకోవడమే.

పెట్టె పక్క రేకు విప్పాడు. లోపల ఫ్యాను చుట్టూ పత్తి నూగు, దాని మీద ఎర్రటి మిరప దుమ్ము. పెయింటు బ్రష్షుతో దులిపాడు, ఇద్దరం తుమ్మాం. ఆన్ చేసేటప్పుడు ఒక మీట నొక్కితే నీలం తెర వస్తుంది. అందులో ఏవో మార్చాడు. షట్ డౌన్ నొక్కాడు. ఫ్యాను ఆగింది. దీపం పోయింది. నేను సంతోషపడ్డాను. అతను సంతోషపడలేదు. తీగ పీకి, కాసేపాగి, మళ్లీ పెట్టి చూశాడు. తేదీ పాతదే. షట్ డౌన్ నొక్కాడు. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

అప్పుడు లోపలి పలక మీద రూపాయి బిళ్లంత గుండ్రటి సెల్లు చూపించాడు. కరెంటు లేనప్పుడు ఆ పెట్టెకి తేదీ, తన పద్ధతులూ గుర్తుండేది ఆ సెల్లు వల్లేనట. అది ఎప్పుడో చచ్చిపోయింది. తీగ పీకిన ప్రతిసారీ అన్నీ మర్చిపోతుంది. ఆపమంటే పని ఆపేస్తుంది గానీ, కరెంటు వదిలెయ్యాలన్న సంగతి దానికి గుర్తుండదు. అలాంటి సెల్లు ఆ నీళ్లలో ఎక్కడ దొరుకుతుంది? డాక్టర్ దగ్గర షుగరు చూసే మిషనుకి స్పేరు ఒకటి ఉంది. అడగ్గానే ఇచ్చాడు. ఎందుకని కూడా అడగలేదు.

సెల్లు మార్చాడు. నీలం తెరలోకి వెళ్లి మళ్లీ అన్నీ సరిచేశాడు. ఆపాడు. ఆగింది. తీగ పీకాడు, పెట్టాడు, ఆన్ చేశాడు, తేదీ నిలబడింది. ఆపాడు. అరచెయ్యి పెట్టె మీద ఉంచి కళ్లు మూసుకున్నాడు. ఆగింది. మళ్లీ ఆన్ చేశాడు. మళ్లీ ఆపాడు. బాగైపోయింది కదా, ఇంక వదిలెయ్యి అని నేను అంటూనే ఉన్నాను. వినలేదు. ఆన్ చెయ్యడం, ఆపడం, చెయ్యి పెట్టడం.

ఎప్పటినుంచి నిలబడి ఉందో, గుమ్మంలో టీచర్ ఉంది.

"అన్నా, ఇది ఆపితే ఆగడం లేదా?"

ఇప్పుడు బాగైందమ్మా అన్నాను.

"ఇప్పుడు కాదు. ఆ రోజు."

సాబ్ ఆర్డరు ఉంది. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు, నిజం చెప్పడానికీ రాలేదు. ఆమె నన్ను అడగడం మానేసింది. బల్ల మీద మడిచి పెట్టిన బొంతని చూసింది, గోడ మీద టేపు చూసింది. పాఠం చెప్పే మనిషి కదా. లెక్క తనే కట్టుకుంది.

"కప్పింది నేను," అంది.

ఆపరేటర్ నా వైపు తిరిగాడు. ఏమంటోంది అన్నాడు. చెప్పాను. అతను లేచి నిలబడ్డాడు. "ఆపింది నేనని చెప్పు. ఆగిందో లేదో చెయ్యి పెట్టి చూడాల్సింది నేను. అది నా పని. ఆమె పని కాదు. చెప్పు."

చెప్పాను.

"ఆయనకి తెలీదు కదా అన్నా, ఇది ఎలాంటిదో. నాతో ఉండేది. నాకు తెలియాలి."

అదీ చెప్పాను. నా నోట్లోంచి ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు అదే మాట. నేను, నేను అని. దూది ఏకే మా ఇళ్లలో తెలుగే గానీ ఉర్దూ ఉండదు, వాళ్లిద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. మధ్యలో నేనున్నాను కాబట్టి ఆ మాటలు రెండు వైపులా చేరాయి. నేను లేకపోతే ఎవరి మాట వాళ్ల దగ్గరే ఉండేదేమో అని ఇప్పటికీ అనుకుంటాను. డాక్టర్ అన్నది కూడా చెప్పాను, ఎలాగూ ఎక్కువ రోజులు లేవన్నాడని. ఆమె దాన్ని చేత్తో తోసేసినట్టు తల ఊపింది.

"కోడలికి చెప్పాలి," అంది.

వద్దమ్మా అన్నాను. ఊరు ఊరుకోదు. నీ ఉద్యోగం కాంట్రాక్టు. ఇది విన్నవాళ్లు విన్నట్టు చెప్పుకోరు, కంప్యూటర్ టీచర్ ముసలమ్మని చంపిందంటారు. మా సాబ్ కూడా నీ మంచికే చెప్పొద్దన్నారు. ఇవన్నీ చెప్పాను. ఆమె విన్నది. చివరికి ఒక్క మాట అడిగింది.

"ఆమె నన్ను రోజూ అడుగుతోంది అన్నా. మా అత్తకి ఆ ఒక్కరోజే కరెంటు ఎందుకు పోయింది అని. నేనేం చెప్పాలి?"

ఆ ప్రశ్న హిందీలోకి మార్చి ఆపరేటర్‌కి చెప్పాను. అతను వంగి పెట్టె మీద మళ్లీ చెయ్యి పెట్టాడు.

మర్నాడు పొద్దున పదింటికి బయల్దేరమని ఆర్డరు. రోడ్డు తేలింది. మా బండి వచ్చింది. పడవల గాలి తీసి చుట్టాం. గిన్నెలు కడిగి ఎక్కించాను. సాబ్ ముందు సీట్లో కూర్చోకుండా మాతోపాటు వెనకే ఎక్కారు. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. ఆపరేటర్ చివర కూర్చున్నాడు, రేడియో ఒళ్లో పెట్టుకుని. రేడియోలో అడిగారు: "డ్యూటీ ముగిసిందా?" అతను మైకు సాబ్ వైపు చాపాడు. సాబ్ మైకు తీసుకుని "ముగిసింది" అన్నారు.

బండి కదిలి, బురదలో జారుతూ స్కూలు పక్కగా తిరిగింది. స్కూలు వెనక బోరింగు పంపు ఉంది. కోటమ్మ కోడలు అక్కడ బిందె పెట్టుకుని నిలబడింది. ఫాతిమా టీచర్ ఆమె ఎదురుగా ఉంది. మాట్లాడుతోంది. బండి మోతలో ఒక్క ముక్క వినపడలేదు. చేతులు కదపడం లేదు, ఏడవడం లేదు. పాఠం చెప్పేటప్పుడు ఎలా చెబుతుందో అలాగే చెబుతోంది, మొదటి నుంచి చివరిదాకా.

ఆపరేటర్ లేచాడు. "చెప్పేస్తోంది. బండి ఆపండి. ఆపింది నేనని ఆమెకి చెప్పాలి," అన్నాడు. వెనక తలుపు గొళ్లెం మీద చెయ్యి వేశాడు. సాబ్ అతని భుజం పట్టుకుని కూర్చోబెట్టారు. గట్టిగా కాదు. "టేపు వేయించింది నేను," అన్నారు మెల్లగా. "కూర్చో." ఆయన చెయ్యి అతని భుజం మీదే ఉండిపోయింది, పెద్ద రోడ్డు వచ్చేదాకా.

తర్వాత ఎవరి దారి వాళ్లది. నాలుగేళ్లకి నేను పెన్షను మీద ఇంటికొచ్చాను. ఆపరేటర్ ఒకసారి ఫోన్ చేసి, ఆమె ఎలా ఉందో తెలుసా అని అడిగాడు. తెలీదన్నాను. మీ ఊరికి దగ్గరే కదా అన్నాడు. దగ్గరే. వినుకొండ బస్టాండులో ఆ వైపు వెళ్లే బస్సు ఇప్పటికీ చూస్తాను. వెళ్లి ఏమడగాలో తెలీక ఎక్కలేదు.

ఆ రోజు బండి మలుపు తిరిగే ముందు చూసింది మాత్రం చెబుతాను. టీచర్ చెప్పడం ముగిసింది. కోడలు తిట్టలేదు, దగ్గరికి తీసుకోలేదు. బిందె పక్కకి పెట్టి, ఉన్నచోటే బురదలో కూర్చుండిపోయింది. కాసేపటికి టీచర్ కూడా ఆమె ఎదురుగా ఆ బురదలోనే కూర్చుంది. ఇద్దరి మధ్య ఒక చెయ్యంత దూరం. ఎవరూ ఎవరినీ చూడటం లేదు. ఎవరూ లేవడం లేదు.